రెండు టీ అంగళ్ళ నడుమ నీరుగంటి

నేను ఏ పార్టీ మనిషినో మా ఇంట్లో ముప్పై ఏళ్ళుగా తేలలేదు. మా ఆయన వైపు వాళ్ళంతా ఒక పార్టీ, మా పుట్టింటి వాళ్ళంతా ఇంకో పార్టీ. ఓటేసి వచ్చిన రోజున మా ఆయన నా వేలి మీది సిరా చుక్కను పట్టి పట్టి చూస్తాడు, అందులోంచి ఏదో తెలిసిపోతుందన్నట్టు. నిజం చెప్పొద్దూ, నాకు ఒకళ్ళు వేసిన రోడ్డు నచ్చింది, ఇంకొకళ్ళు మా బడికి కట్టించిన గదులు నచ్చాయి, ఇద్దరి నోటి దురుసూ నచ్చలేదు. ఈ మాట బయటికంటే ఎక్కడ ఏం రగులుకుంటుందోనని అత్తగారింట్లో వాళ్ళ మాటకి తలూపి, పుట్టింట్లో వీళ్ళ మాటకి తలూపి, మొత్తానికి టీచరు ఉద్యోగం గుట్టుగా చేసి రిటైరయ్యాను. మా తమ్ముడు మాత్రం ఒకసారి పసిగట్టి "అక్క గోడ మీద పిల్లి" అన్నాడు. ఆ మాట చాన్నాళ్ళు గుచ్చుకుంది.

అనంతపురం వెళ్ళింది మాత్రం రాజకీయాల కోసం కాదు, నీళ్ళు చూడ్డానికి. నవ్వకండి. తెనాలి దగ్గర కాలవ గట్టున పుట్టి పెరిగిన మనిషిని, నీళ్ళు చూడ్డానికి కరువు సీమకు వెళ్ళాను.

దానికో కారణం ఉంది. రెండేళ్ళ కిందట ఆ జిల్లా రైతులు కొందరు బస్సు కట్టించుకుని మా వైపు పొలాలు చూడ్డానికి వచ్చారు. వాళ్ళకు మా బళ్ళోనే భోజనాలు. అందులో లక్ష్మీదేవి అని ఒకామె, విస్తట్లో అన్నం అలాగే వదిలేసి, వెళ్ళి కాలవ గట్టు మీద నిలబడింది. "ఈ నీళ్ళకు కావలి ఎవురమ్మా?" అని అడిగింది. కావలి ఎవరూ లేరు, లాకుల దగ్గర ఒక లస్కరు ఉంటాడు, ఆయన కూడా మధ్యాహ్నం కునుకు తీస్తాడు అన్నాను. ఆమె బుగ్గన చెయ్యి పెట్టుకుంది. ఆమె భర్త ఓబులేసు వాళ్ళ ఊరి చెరువుకు నీరుగంటి. చెరువు కింద ఏ మడికి, వాళ్ళ మాటలో కయ్యకు, ఎప్పుడు, ఎంతసేపు నీరు పోవాలో లెక్క కట్టి, పార పట్టుకుని తానే పారించే మనిషి. ఎంత పెద్ద రైతయినా తన మడికి తాను నీళ్ళు మళ్ళించుకోకూడదు, నీరుగంటి చెయ్యి పడాల్సిందే. అదీ అక్కడి కట్టుబాటు.

ఆ పూట నుంచీ మాకు ఫోను స్నేహం. మొన్న కార్తీకంలో ఫోను చేసి, "అక్కా, చెరువు మరవ పోతాండాది. ఇప్పుడు రాకుంటే మళ్ళ ఎన్నేండ్లకో" అంది. చెరువు నిండి పొర్లడాన్ని మరవ పోవడం అంటారట. మా ఆయనకు పచ్చళ్ళ జాడీలు, పొడుల డబ్బాలు చూపించి బయల్దేరాను.

అనంతపురంలో పొద్దున్నే

రైలు దిగిన నాకు మొదట ఎదురైంది ఉగ్గాని. మా వైపు మరమరాలంటే సాయంత్రం పిల్లల చిరుతిండి. ఇక్కడ వాటిని బొరుగులంటారు. నీళ్ళలో తడిపి, పిండేసి, ఉల్లిపాయ, పుట్నాల పొడి వేసి తాలింపు పెట్టి, పక్కన వేలెడంత మిరపకాయ బజ్జీతో పొద్దున్నే పెడతారు. ప్లేటు నలభై రూపాయలు. మరమరాలు తడిపేస్తే ఏం బావుంటుందని నసిగాను. "తిని మాట్లాడుమ్మా" అన్నాడు హోటలాయన. తిన్నాను. ఆ తరవాత మాట్లాడకుండా ఇంకో ప్లేటు తిన్నాను.

ఆయన తల మీదుగా గోడకు ఒక బోర్డు వేలాడుతోంది, ఇక్కడ రాజకీయాలు మాట్లాడరాదని. ఆ బోర్డు కిందే నిలబడి ఆయన, పక్క బల్ల మీది లాయరుగారికి వచ్చే ఎన్నికల్లో ఎవరికి ఎన్ని సీట్లో జిల్లాలవారీగా వివరిస్తున్నాడు. బోర్డు చూపించాను. "అది గిరాకీలకమ్మా, నాకు కాదు" అన్నాడు.

ఎక్కడికని అడిగితే శింగనమల పక్క పల్లె అని చెప్పాను. "చెరువులు నిండినాయంట ఆ తట్టు. బో గలాటా ఉంటాది" అన్నాడు. నీళ్ళొస్తే సంతోషం ఉంటుంది కానీ గలాటా ఏమిటన్నాను. ఆయన లాయరుగారి మొహం చూశాడు, లాయరుగారు నవ్వారు. నేను టిఫిను డబ్బులిచ్చి వచ్చేశాను.

శింగనమల దాటాక

బస్సులోంచి శింగనమల పెద్ద చెరువు కనిపించినప్పుడు బస్సంతా ఒక వైపుకు ఒరిగింది. కండక్టరు కూడా టిక్కెట్లు ఆపి కిటికీలోంచి చూశాడు. మా ఊళ్ళో కృష్ణ కాలవ రోజూ అలాగే పోతుంటుంది, నేను ఒక్కరోజు తలతిప్పి చూసిన గుర్తు లేదు. నాకు సిగ్గేసింది.

అక్కణ్ణించి ఆటో. లక్ష్మీదేవి వాళ్ళ ఊరి మొదట్లో మరవ నీళ్ళు రోడ్డు మీదుగా పారుతున్నాయి. ఆటో అబ్బాయి "గట్టిగా పట్టుకో టీచరమ్మా" అని ఒక్క ఊపున దాటించాడు. పట్టుకోవడమైతే పట్టుకున్నాను గానీ, ఎర్రనీళ్ళు తలమీంచి కాళ్ళదాకా పోసుకున్నాను. కొత్త నేత చీర. దిగేసరికి నన్ను చూసి కుక్క మొరిగింది.

ఊరి నడుమ రోడ్డు. రోడ్డుకు అటూ ఇటూ రెండు టీ అంగళ్ళు. తూర్పు అంగడి ముందు నీడ ఉందని అటు నడిచాను. అంగడి రంగన్న మర్యాదస్తుడు. కుర్చీ వేశాడు, చెంబుతో నీళ్ళిచ్చాడు, "అయ్యో, తడిసిపోయినావు కదమ్మా" అని లోపలికెళ్ళి ఒక తువ్వాలు తెచ్చిచ్చాడు. మొహం తుడుచుకున్నాను, జుట్టు తుడుచుకున్నాను, చలేస్తోందని భుజాల చుట్టూ కప్పుకుని అల్లం టీ తాగాను. పది రూపాయల టీ, తీసుకోనన్నాడు. ఎవరో ఫోనుతో ఫొటో తీస్తే, కొత్త మనిషిని కదా అనుకుని పళ్ళికిలించాను కూడా.

అప్పుడొచ్చింది లక్ష్మీదేవి. నన్ను చూడగానే పరుగెత్తుకొచ్చింది, పది అడుగుల దూరంలో ఠక్కున ఆగిపోయింది. నా మొహం కాదు, నా భుజాలు చూస్తోంది.

"అక్కా, ఆ కండువా యాడిది?"

అప్పుడు చూసుకున్నాను. అంచున పార్టీ గుర్తు.

కండువా

ఆ పార్టీల పేర్లు నేను రాయను. రాస్తే మా ఇంట్లో రెండు వైపులా అన్నం పుట్టదు. అంగడిని బట్టి ఒకటి తూర్పు పార్టీ, ఒకటి పడమటి పార్టీ అనుకోండి. ఆ ఊళ్ళో మనిషి ఏ అంగట్లో టీ తాగుతాడో ఆ పార్టీ. కొత్త కోడలు కాపురానికొస్తే ముందు తెలుసుకునేది అదేనట. ఇక కండువా కప్పుకోవడమంటే చెప్పక్కర్లేదు కదా, పార్టీలో చేరడమే. నేను సంజె పడకముందే తూర్పు పార్టీలో చేరిపోయాను. "కోస్తా నుంచి వచ్చిన రిటైర్డు టీచరమ్మ, నీరుగంటి ఓబులేసు ఇంటి చుట్టం, మన పార్టీలో చేరిక" అని ఫొటోతో సహా ఊళ్ళో అందరి ఫోన్లలోకీ వెళ్ళిపోయింది.

ఓబులేసు ఇంటికొచ్చి ఆ ఫొటో చూసి పడీ పడీ నవ్వాడు. సన్నటి మనిషి, గొంతు మాత్రం చెరువు ఆ గట్టుకు వినపడుతుంది. "మంచిగ పడినావక్కా ఫొటోలో" అన్నాడు. ఆయన నవ్వుతున్నంతసేపూ లక్ష్మీదేవి సంగటి కెలుకుతూనే ఉంది. ఆ కర్ర తిప్పడంలోనే కోపం తెలుస్తోంది.

ఆ రాత్రి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి తింటూ సంగతంతా విన్నాను. చెనిక్కాయలంటే వేరుశనగలు, ఊరిబిండి అంటే రోటి పచ్చడి. మా గోంగూరకు దీటుగా నిలబడే పచ్చడి ఒకటుందని ఆ రోజే ఒప్పుకున్నాను.

ఓబులేసు ఏ పార్టీ కాదు. అలాగని నోరు మూసుకుని కూర్చునే రకమూ కాదు, అదీ చిక్కు. సోమ, బుధ, శుక్రవారాలు తూర్పు అంగట్లో టీ తాగుతాడు. మంగళ, గురు, శనివారాలు పడమటి అంగట్లో. ఆదివారం ఇంట్లో. ఊరంతటికీ ఈ టైంటేబులు తెలుసు. తూర్పు అంగట్లో కూర్చుని, "మీ వాళ్ళు కాలవ తవ్వి ఈ చెరువుకు నీళ్ళు తెచ్చినారు రంగన్నా, ఆ ఒక్కదానికి చేతులెత్తి మొక్కుతా. రైతుకు చెప్పిన మాట మింగినారు, దానికి మాత్రం మొగం మీదే అడుగుతా" అంటాడు. మర్నాడు పడమటి అంగడి ఖాదర్‌తో, "మీ వాళ్ళు ముసలోళ్ళకు పింఛను ఇంటికి తెచ్చి ఇచ్చినారు, శానా మంచి పని. ఆస్పత్రిలో డాక్టరు యాడప్పా?" అంటాడు. దాంతో తూర్పు వాళ్ళకు ఆయన పడమటి మనిషి, పడమటి వాళ్ళకు తూర్పు మనిషి.

ఇన్నాళ్ళూ సరదాగానే జరిగిపోయింది, ఎందుకంటే ఈ మధ్య చెరువులో పంచుకునేంత నీళ్ళు లేవు. ఇప్పుడు నిండింది. శనివారం పొద్దున చెరువు కింద రైతులందరూ తూము దగ్గర కూడి, నీరుగంటి చేతికి పార ఇవ్వాలి. ఓబులేసు తాతకు, నాయనకు, ఓబులేసుకు ఎవరూ అడ్డం చెప్పలేదు. ఈ ఏడు మాత్రం తూర్పు వాళ్ళు తమ మనిషిని పెడతామంటున్నారు, పడమటి వాళ్ళు తమ మనిషినంటున్నారు. నూర్పిళ్ళప్పుడు ప్రతి కళ్ళంలోనూ నీరుగంటికి కొలిచిపెట్టే వడ్ల మీదే ఏడాదంతా వాళ్ళ తిండి. అదొక్కటే కూడా కాదు.

"మా నాయన చచ్చిపోయేటప్పుడు ఆస్తి చెప్పలేదక్కా, యా మడికి యా పక్క వాలు ఉండాదో చెప్పినాడు" అన్నాడు ఓబులేసు. అప్పుడు మాత్రం నవ్వలేదు.

మర్నాడు పొద్దున నేను పడమటి అంగడికి వెళ్ళి వాళ్ళ కండువా కూడా ఒకటి కప్పుకుని వస్తాను, చెల్లుకి చెల్లు అన్నాను. లక్ష్మీదేవి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దు తల్లీ! నిన్న చేరి ఈపొద్దు పార్టీ మారినావంటారు. ఊరికే కూచో."

ఈసారికి ఆమె కూడా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. చుట్టపు చూపుగా వచ్చి, కొంపకు నిప్పు పెట్టినట్టయింది నా పని.

రాయదుర్గం: గేటు దగ్గర కుర్చీ

శనివారానికి ఇంకా రెండు రోజులున్నాయి. "మా చెల్లెల్ని చూసొస్తాం రా అక్కా" అని లక్ష్మీదేవి నన్ను రాయదుర్గం తీసుకెళ్ళింది. బస్సులు మారి చేరేసరికి మధ్యాహ్నమయింది.

కర్ణాటక పక్కనే కావడంతో బోర్డుల మీద కన్నడం, మనుషుల నోట సగం కన్నడం. దోసె తిని చిల్లర ఇవ్వబోతే "దుడ్లు అట్ల పెట్టమ్మా" అన్నాడు హోటలాయన. ఊరంతా జీన్సు పాంట్లు కుడతారు. ఇంటింటా మిషన్ల చప్పుడు, ఆరుబయట తాళ్ళ మీద నీలం పాంట్లు బారులు తీరి ఆరుతున్నాయి. లక్ష్మీదేవి చెల్లెలు సుజాత పనిచేసే చోట నలభై మంది ఆడవాళ్ళు వంచిన తల ఎత్తకుండా కుడుతున్నారు. నేను కూడా ఒక పాంటుకు దారాలు కత్తిరిస్తానని కూర్చుని, దారంతో పాటు జేబు కూడా కత్తిరించేశాను. సుజాత ఆ పాంటును చప్పుడు చేయకుండా అడుగున పెట్టేసింది.

మేం వచ్చింది చెల్లెల్ని చూడ్డానికి మాత్రమే కాదని అప్పుడు తెలిసింది. అక్కడ కావలి ఉద్యోగం ఒకటి ఖాళీ ఉంది. ఓబులేసుకు పార రాకపోతే, ఇక్కడ చేర్పిద్దామని అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకున్నారు. ఓబులేసుకు ఈ మాట తెలియదు.

సుజాత గేటు దగ్గరికి తీసుకెళ్ళి చూపించింది. ఒక రేకు పందిరి, ఒక ప్లాస్టిక్ కుర్చీ, సంతకాల పుస్తకం, మేకుకు తగిలించిన ఖాకీ చొక్కా. "పనేం లేదక్కా. పొద్దున్నించి మాపుదాకా కూచునేదే. నీడపట్టు. బావకు బాగుంటాది" అంది సుజాత.

లక్ష్మీదేవి ఆ కుర్చీ వైపు చూసింది. వెళ్ళి దాంట్లో తను కూర్చుంది. గేటు, గేటు బయట మురిక్కాలవ, అంతే కనపడుతుంది. లేచి వచ్చి, "ఆయప్పకు చెప్పొద్దు" అంది చెల్లెలితో. చేర్పిస్తానందో వద్దందో నాకు అర్థం కాలేదు.

కళ్యాణదుర్గం బస్టాండులో ఉడకబెట్టిన చెనిక్కాయలు

తిరుగు దారిలో కళ్యాణదుర్గంలో బస్సు కోసం గంటన్నర కూర్చున్నాం. చుట్టూ చెనిక్కాయల సీమ, బస్టాండు కూడా పచ్చి కాయల వాసనే. ఉప్పు వేసి ఉడకబెట్టిన కాయలు ఇరవై రూపాయలకు పొట్లం. మా వైపు వేయించి తింటాం, ఉడకబెడితే జబ్బుపడిన వాళ్ళ తిండిలా ఉంటుందనుకున్నాను. రెండో పొట్లం నేనే కొన్నాను.

కాయలు ఒలుస్తూ ఒలుస్తూ లక్ష్మీదేవి ఉన్నట్టుండి మొదలుపెట్టింది.

"నోరు మూసుకోని ఉంటే ఏం పోతాదక్కా ఈ మనిషికి? నీళ్ళు పారించేది చేత్తో కదా, నోటితోనా? పెండ్లయినప్పట్నుంచి చెప్తాండా. ఒకర్ని మెచ్చుకో, ఒకర్ని తిట్టు, లోకమంతా అట్లే ఉండాది. లేకుంటే ఇద్దర్నీ వదిలెయ్. ఇద్దరి ఇంటికీ పోయి ఇద్దర్నీ తిట్టి వస్తాడు, మళ్ళ ఇద్దర్నీ మెచ్చుకుంటాడు. ఎవురికి కావల్ల ఇట్లాంటోడు?"

నేను ఆమెను ఓదార్చబోయాను. మా ఇంటి సంగతి చెప్పాను. నేను ముప్పై ఏళ్ళుగా రెండు వైపులా తలూపుతూ నెట్టుకొచ్చానని, ఒక్క గొడవ కూడా రాలేదని, నోరు మూసుకుంటే సంసారం ఎంత సాఫీగా సాగుతుందో నన్ను చూసి నేర్చుకోమని గొప్పగా చెప్పాను.

ఆమె ఒలిచిన గింజలు నా చేతిలో పోసింది. "మీ ఇంట్లో వాళ్ళకు నువ్వు ఏమనుకుంటాండావో తెలుసా అక్కా?" అని అడిగింది.

"ఎలా తెలుస్తుంది? చెప్పలేదుగా."

"మరి నిన్ను నమ్ముతారా?"

అంతలో బస్సొచ్చింది. సీటు పట్టుకునే హడావుడిలో పడి జవాబు చెప్పకుండా తప్పించుకున్నాను.

తూము దగ్గర

శనివారం పొద్దున తొమ్మిదికి చెరువు కట్ట మీద జాతరలా ఉంది. అరవై డెబ్బై మంది రైతులు. తూర్పు వాళ్ళు తూముకు ఈ పక్క, పడమటి వాళ్ళు ఆ పక్క. నడుమ బండ మీద రైతులకు పెద్దదిక్కు చిన్నప్ప, ఎనభై దాటిన మనిషి. ఆయన కాళ్ళ దగ్గర పసుపు రాసిన పార. ఓబులేసు ఉతికిన పంచె కట్టుకుని ఏ పక్కకూ చేరకుండా నీళ్ళ వైపు తిరిగి నిలబడ్డాడు. కళ్ళు చెదిరేటన్ని నీళ్ళు. వాటి ముందు అంతమంది మనుషుల అరుపులూ పిల్లల అల్లరిలా ఉన్నాయి.

రంగన్న తన బామ్మర్ది పేరు చెప్పాడు. ఖాదర్ ఇంకో కుర్రవాడి పేరు చెప్పాడు. కుర్రవాడేంటి, నలభై ఏళ్ళుంటాయి. ఓబులేసు పేరు ఎవరో ఎత్తగానే ఖాదర్ ఫోను పైకెత్తాడు.

"ఇదో చూడండప్పా. ఈయన ఇంటి చుట్టం రంగన్న అంగట్లో కండువా కప్పుకోనుండాది. ఇంగ ఈయన మా కయ్యలకు నీళ్ళు ఎట్ల ఇస్తాడు?"

నా ఫొటో. పళ్ళికిలిస్తూ.

నా జన్మలో అంతమంది మగవాళ్ళ మధ్య నిలబడి మాట్లాడింది లేదు. కానీ ఇక ఊరుకుంటే నేను మనిషిని కాదనిపించింది. "అయ్యా, తప్పు నాది" అన్నాను. మరవ నీళ్ళలో తడిసిన సంగతి, కుక్క మొరగడంతో సహా చెప్పాను. ఓబులేసుకు ఇందులో ఏ సంబంధమూ లేదన్నాను. కొందరు నవ్వారు. రంగన్న తల గోక్కుంటూ, "నిజమేలేప్పా. తువ్వాలు ఆరలేదని అది ఇచ్చినా. ఫొటో మాత్రం మా వాళ్ళు కావాలనే పెట్టినారు" అన్నాడు. పాపం మంచివాడు.

"అయితే నువ్వు యా పార్టీ టీచరమ్మా?" అని ఎవరో వెనకనుంచి అడిగారు.

నోరు తెరిచాను. అలవాటుగా ఇటు చూసి, అటు చూసి, ఎవరెక్కువమంది ఉన్నారా అని వెతుకుతున్నానని నాకే తెలిసింది. "ఏదీ కాదు. రెంటిలోనూ నచ్చినవున్నాయి, నచ్చనివున్నాయి" అన్నాను. "ఓహో, ఆడ ఓబులేసు" అన్నారు. అంతా గొల్లుమన్నారు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

నవ్వులు ఆగాక చిన్నప్ప చెయ్యెత్తాడు.

"ఓబులేసు పని మీద ఎవురికన్నా పిర్యాదు ఉండాదా? చెప్పండి. ఒక కయ్యకు ఎక్కువ పెట్టినాడా, ఒకదానికి ఎండబెట్టినాడా?"

అందరూ తలలు అడ్డంగా ఊపారు.

"పని బాగుండాది. నోరు బాగలేదు. అంతే కదా? అయితే వినప్పా ఓబులేసూ. తూము ఎత్తిన కాన్నుంచి దించేదాకా పార్టీల ఊసు ఎత్తగూడదు. ఇద్దరి అంగళ్ళకూ పోగూడదు. నోరు మూసుకోని నీళ్ళు పారించు. ఒప్పుకుంటే పార తీసుకో."

రెండు పక్కలా "అదీ న్యాయం" అన్నారు. అందరికీ నచ్చింది. నాకూ నచ్చింది. హమ్మయ్య, తిండి దక్కిందనుకున్నాను. ఇన్నేళ్ళుగా లక్ష్మీదేవి మొక్కుకున్నది కూడా అదేగా.

ఓబులేసు నీళ్ళ వైపు నుంచి ఇటు తిరిగాడు. ఆ గొంతు నేను విన్న గొంతేనా అనిపించేంత చిన్నగా, "సరేన్నా. మూసుకుంటా" అన్నాడు. పార కోసం వంగాడు.

"ఒప్పుకోవద్దు!"

అందరూ తిరిగి చూశారు. లక్ష్మీదేవి ఆడవాళ్ళ గుంపులోంచి నడిచి, మగవాళ్ళ మధ్యలోంచి వచ్చి, పార మీద కాలు పెట్టి నిలబడింది. మొహం కందగడ్డలా ఉంది.

"పెద్దాయనా, తప్పయితే కొట్టండి. ఇప్పుడు ఈయప్ప ఎవుర్ని తిడతాడో మీకు తెలుసు. ఎవుర్ని మెచ్చుకుంటాడో తెలుసు. మీ మొగాల మీదే అంటాడు. లోపలొకటి పెట్టుకోడు. అందుకే ఇన్నేండ్లు ఒక్కరన్నా రేత్రిపూట కాలవ కాడికి వచ్చి కావలి కాసినారా? కాయలేదు. నమ్మి పండుకున్నారు. రేపట్నుంచి నోరు మూసుకోని తిరుగుతాడు. అప్పుడు రంగన్నకు అనుమానం, ఖాదరన్నకు అనుమానం. లోపల ఎవురితట్టు ఉండాడో అని. యాడన్నా ఒక కయ్య కొంచెం ఎండితే చాలు, వీడు కావాలనే చేసినాడంటారు. మాట్లాడే నీరుగంటి కావల్లంటే తీసుకోండి. మూగోడు కావల్లంటే, రాయదుర్గంలో ఒక కుర్చీ ఉండాది, నేను పిల్చుకోని పోతా."

ఓబులేసు వంగినవాడు వంగినట్టే ఉండి పెళ్ళాం మొహంలోకి చూస్తున్నాడు. ఆయనకు ఆ కుర్చీ సంగతి అప్పుడే తెలిసింది.

ముందుగా కదిలింది ఖాదర్. "నా కయ్య కాలవ చివర" అన్నాడు, ఎవరితోనో కాదు, తనతో తాను అనుకుంటున్నట్టు. "రంగన్న బామ్మర్ది అయితే నేను దినామూ కావలి కాయల్ల." రంగన్న వెంటనే, "నీ మనిషయితే నేను నిద్రపోతానా?" అన్నాడు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

చిన్నప్ప గట్టిగా నిట్టూర్చాడు. "కాలు తియ్యమ్మా" అన్నాడు. లక్ష్మీదేవి కాలు తీసి, పారను కళ్ళకద్దుకుంది. చిన్నప్ప దాన్ని రెండు చేతులా అందుకుని ఓబులేసుకిచ్చాడు. షరతు మాట మళ్ళీ ఎత్తలేదు.

తూము ఎత్తగానే ఎర్రటి నీళ్ళు గుప్పున కాలవలోకి దూకాయి. అరవై మందీ పార్టీ తేడా లేకుండా ఒకే వరసలో కాలవ గట్టున పరుగెత్తారు. ముందు ఓబులేసు. నూరు గజాలు పోయాడో లేదో ఆ గొంతు మళ్ళీ లేచింది. "ఏమప్పా ఖాదరన్నా, మీ వాళ్ళు ఈ కాలవకు సిమెంటు వేయిస్తామన్నారు, యాడ సిమెంటు?" "వేయిస్తాంలేప్పా, ముందు నీళ్ళు వదులు" అని ఖాదర్ అరిచాడు. రంగన్న నవ్వితే, "నువ్వు నవ్వాకు రంగన్నా, మీ వాళ్ళు అయిదేండ్లు ఏం చేసినారు?" అన్నాడు.

లక్ష్మీదేవి మాత్రం కదల్లేదు. చిన్నప్ప కూర్చున్న బండ మీద కూలబడింది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. ఎంత బాగా మాట్లాడావే తల్లీ అన్నాను. ఆమెకు ఆ మాట చెవికెక్కినట్టు లేదు.

"పాతికేండ్లుగా నోరు మూసుకోమని నేనే చెప్తాండానక్కా" అంది. "ఈపొద్దు నిజంగా మూసుకుంటానన్నాడు. ఆ గొంతు విన్నావా? నాకు భయమైనాది."

ఆమె ఏడుస్తోంది. నేనూ ఏడ్చాను. దూరంగా కాలవ మలుపులో ఓబులేసు ఇంకా ఎవరినో తిడుతూనే ఉన్నాడు. ఆమె చెంగుతో కళ్ళు తుడుచుకుని, వినపడుతోందా లేదా అని అటువైపే చెవి పెట్టి కూర్చుంది.